కాపలా ప్రోగ్రామ్‌కు మిగిలిన మనిషి

2023 ఫిబ్రవరి 11, నారాయణపేట

ఈరోజు ఫైర్‌వాల్ తయారుచేసేవాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. ఫైర్‌వాల్ కొత్త వెర్షన్‌లో నా కాపలా ప్రోగ్రామ్ ఉండదట. బయటి నుంచి వచ్చే డేటాను చూసి, చెడ్డదాన్ని ఆపడం దాని పని. ఓపెన్ సోర్స్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. ఎవరూ చేయరు. రాసిన పెద్దాయన ఎప్పుడో మానేశాడు. ఏళ్లుగా ఆఫీసు పని అయ్యాక నేనొక్కదాన్నే చూస్తున్నాను.

దాని బదులు వేరే కొత్త ప్రోగ్రామ్ పెడతారట. పాతదానికి చూసుకునే మనుషులు లేరని కారణం రాశారు.

ఫిబ్రవరి 12

నేనున్నాను కదా అని టైప్ చేసి, చెరిపేశాను.

మార్చి 5

లియో అనే ఎవరో సాయం చేస్తానని రాశాడు. కోడ్‌లో తప్పులు దిద్దే మూడు ఫిక్స్‌లు పంపాడు, చక్కగా ఉన్నాయి. నా కోడ్‌ను ఇంకొకరు చదివారు! మధ్యాహ్నం అమ్మ మగ్గం చప్పుడు వింటూ కునుకు తీశాను. కలలో కోడ్ అంతా నీళ్ల మీద నూలులా తేలుతోంది. అవతలి ఒడ్డున ఎవరో ఒక కొస పట్టుకున్నారు. బరువు సగమైంది.

మార్చి 12

లియో ఫిక్స్‌లతో ట్రయల్ వెర్షన్ పెట్టాను. క్లాస్‌మేట్ పరమేష్ మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖాన కంప్యూటర్లు చూస్తాడు. దాన్ని అక్కడ వేసి చూడమని నేనే చెప్పాను. మస్తు స్పీడున్నదన్నాడు.

మార్చి 19

లియో ప్రోగ్రామ్ తాళాలు, అంటే పాస్‌వర్డులు, అడిగాడు. అవి ఇస్తే ఇకపై వెర్షన్లు అతనే విడుదల చేయవచ్చు. ఇంక వేరేటోళ్లు చూసుకుంటరంటే మంచిదే గద, జర కంటి నిండ నిదురపో బిడ్డా, అంది అమ్మ.

పరమేష్‌కు ఫోన్ చేసి, తాళాలు ఇచ్చేస్తానన్నాను. జర ఆగు సుహాసినీ, గా మనిషిని ఎన్నడన్న చూసినవా, ఫోన్ల మాట్లాడినవా అన్నాడు. నాకు మండింది. ఇన్నేళ్లు వాడుకున్నావు, ఒక్క లైనైనా చదివావా అన్నాను. ఫోన్ పెట్టేశాను.

మార్చి 21

పరమేష్‌ది తప్పని చూపించాలనే, తాళాలు ఇచ్చేముందు లియో పంపినవన్నీ మళ్లీ చదివాను. రెండో ఫిక్స్ చివర, టెస్టుల కోసం పెట్టిన ఫైల్ మాటున, చిన్న ముక్క. నెట్‌లో ఒక అడ్రస్ నుంచి ఏది వచ్చినా కాపలా ప్రోగ్రామ్ చూడకుండా లోపలికి వదిలేస్తుంది.

ఇది పొరపాటా అని లియోకు రాశాను. కాసేపటికి అతని అకౌంటే లేదు.

పరమేష్‌కు చెప్పాను. బండి మీద ఉరికి దవాఖాన నెట్ కేబుల్ పీకేశాడట. సాయంత్రం దాకా దవాఖానలో రిపోర్టులు మనుషులే చేతుల్లో మోశారు. ఏ డేటా ఎక్కడి నుంచి వచ్చిందో రాసుండే లాగ్ ఫైళ్లన్నీ ఇద్దరం వెతికాం. ఆ అడ్రస్ నుంచి ఇంకా ఏదీ రాలేదు. ట్రయల్‌ను తీసేసి, వేసుకున్నవాళ్లందరికీ జరిగింది రాశాను.

మార్చి 22

పరమేష్ తిట్టలేదు. తిడితే బాగుండేది. నువ్వన్నది నిజమే, ఒక్క లైను సుత చదవలే, ఇప్పుడన్న నేర్పు చదువుత అన్నాడు. ఏడ్చాను. అమ్మ మగ్గం ఆపి వచ్చి పక్కన కూర్చుంది.

ఇంత తేలిగ్గా ఎందుకు నమ్మాను? లియో కోడ్ బాగుందని కాదు. అలసిపోయానని.

ఏప్రిల్ 9

మొన్న నేర్పడం మొదలుపెట్టాను. మూడో రోజే పరమేష్ అడిగాడు, గిది బతకాలంటే ఎంతమంది కావాలె అని. కనీసం ఐదుగురన్నాను. మనం ఇద్దరమే గద అన్నాడు. ఫోన్‌లో అతని వైపు ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు.

మే 14

వాడేవాళ్లందరికీ రాసేశాను. ఈ ప్రోగ్రామ్ ఇక్కడితో ఆగుతుంది, దయచేసి కొత్తదానికి మారండి, మారడానికి నేను సాయం చేస్తాను. దవాఖానను మొదట మార్చాం. కొత్తదాన్ని చాలామంది చూస్తున్నారు. వాళ్లకు ఒక ఫిక్స్ పంపితే ముగ్గురు చదివి, తప్పు పట్టి, వెనక్కి పంపారు. ఎంత బాగుందో.

జూన్ 3

పేరు కూడా తెలియని ఊళ్ల నుంచి మెయిల్స్. మారామని. థాంక్స్ అని. ఇంతమందికి కాపలా ఉన్నానా?

జులై 2

వాన. అమ్మ అన్నట్టే మధ్యాహ్నం కంటి నిండా నిద్రపోయి లేచాను. నేనేం పని చేస్తానో కాసేపు గుర్తురాలేదు. గుర్తు తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు.