కందిరీగకు నీ పేరు

అబ్బాయీ, కోడలికి దగ్గు తగ్గింది, పాప అన్నం తింటోంది, నా మోకాళ్ల సంగతి అడక్కు. మన్యపు జ్వరం నిన్ను తీసుకుపోయినా, నీ ఒళ్లెలా ఉందోనని ఇంకా బెంగే.

మద్రాసు నుంచి మీ కాలేజీలో పురుగుల చదువు చెప్పే మాస్టారు బెజవాడ మనింటికి వచ్చారు. అడవిలో నువ్వు పట్టిన కందిరీగ, గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడుతుందట. అలాంటిది ఇదివరకు ఎవరూ చూడలేదట.

"దానికి మీవాడి పేరే పెడదామమ్మా. కాలేజీలో అందరం ఇంటిపేరుతోనే పిలిచేవాళ్లం, అసలు పేరు చెప్పండి" అన్నారు.

కోడలు నా వంక చూసింది. మొగుడి పేరు అదెలా చెబుతుంది? నీది మా మామగారి పేరని నేనూ ఏనాడూ పలకలేదు. చెప్పకపోతే ఇంకెవరి పేరో పెట్టేస్తారని భయమేసింది. మామగారి పటానికి దణ్ణం పెట్టుకుని చెప్పాను.

"వినపడలేదమ్మా" అన్నారు. ఈసారి గట్టిగా చెప్పాను.

రైల్లో పాపకు గాలి తగులుతుందేమోనని భయంగానే ఉంది. అయినా నీ కందిరీగను చూడ్డానికి వచ్చే గురువారం మద్రాసు మెయిలుకు బయల్దేరుతున్నాం.