ఒక్కసారి వింటే చాలు

పొదిలి,
23-2-1964.

ఖుర్షిదాకు గౌస్ బాషా సలాములతో రాస్తున్నాను. అల్లా దయవల్ల ఇక్కడ నేను కులాసా. పెదకాకానిలో నువ్వు, మీ అమ్మగారు, అన్నగారు, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న మీ అన్నగారి అమ్మాయి కరీమున్, అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పండక్కి ఎందుకు రాలేదని అడిగావు. బడి పని అని రాద్దామనుకున్నాను గానీ, పండగనాడు బడేమిటని పట్టుకుంటావు. నమాజు నుంచి వచ్చి తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను. కొత్త చొక్కా చూసేవాళ్లు లేక మధ్యాహ్నానికే విప్పి మడతపెట్టాను. ఈ ఊళ్లో నన్ను పలకరించేవాళ్లకి కొదవలేదు. ఇంటికొచ్చాక మాట్లాడేందుకే ఎవరూ లేరు.

దగ్గు తగ్గింది. తుమ్ములు మాత్రం తప్పవు. ఊరంతా మిరపకాయలు ఆరబోశారు, గాలి వీస్తే క్లాసు క్లాసంతా తుమ్ముతుంది.

గుంటూరు ట్రైనింగు సంగతి అడిగావు కదా. అక్కడ నేర్పిన కొత్త పద్ధతి కోసం బడికి గ్రామఫోను వచ్చింది. ఇంగ్లీషు పాఠాల రికార్డులు, రంగుల బొమ్మల చార్టులు కూడా వచ్చాయి. "ఏమండీ బాషాగారూ, పాఠమా, పెళ్లివారి పాటలా?" అని తోటి మేష్టర్లు ఆటపట్టిస్తున్నారు. నవ్వుకోనీ. అంకమ్మరావు అనేవాడు బొమ్మ చూస్తే చాలు, మాట పట్టేస్తాడు. తోమాకి అలా కుదరదు, లేచివెళ్లి తలుపు తీస్తూ, మూస్తూ చెబితేనే వస్తుంది. హనుమాయమ్మ అనే పిల్లకి మాత్రం ఏదీ ఎక్కలేదనుకున్నాను. పదిసార్లు రాయమన్నా అక్షరాలు తిరగేసి రాసేది. మొద్దు అని చివరి బెంచీలో కూర్చోబెట్టింది నేనే.

పోయిన బుధవారం దర్శి రోడ్డు పక్క చేలో ఆడవాళ్లు కాయలు కోస్తున్నారు. బడి ఎగ్గొట్టి హనుమాయమ్మ కూడా తల్లితో కోతకొచ్చింది. మందలిద్దామని సైకిలు దిగాను. దిగినవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. రికార్డులో ఉన్న పాఠం మొత్తం, దొరగారి గొంతు ఎక్కడ లేస్తుందో ఎక్కడ తగ్గుతుందో అచ్చం అలాగే చెబుతోంది. పక్క సాలులో ఆడవాళ్లు నవ్వుతూ వంత పలుకుతున్నారు.

"ఎన్నిసార్లు విన్నావమ్మా?" అన్నాను.

"ఒక్కసారేనండి. రాయమంటేనే రాదండి. విన్నదైతే పోదండి" అంది బెదురుతూ.

సైకిలు ఎక్కబుద్ధి కాలేదు, నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. దారిపొడవునా నువ్వే గుర్తొచ్చావు. పోయిన ఉత్తరంలో కరీమున్ చేత ఏం రాయించావు? "మన కాపురానికి చూసిన ఇంటికి బావే లేదని వేసవిలో రాశారు. ఆ ఇంటి బావి నీళ్లు ఉప్పగా ఉన్నాయని ఇప్పుడు రాశారు. లేని బావిలో ఉప్పునీళ్లు ఎక్కడివండీ?" వేసవి ఉత్తరం నువ్వు ఒక్కసారే విని ఉంటావు. రాసిన నాకే గుర్తులేదు.

పెళ్లయిన ఏడాది ఆరునెలలపాటు నీచేత అఆలు దిద్దించాను. రాలేదని మా అమ్మ ముందు, నా స్నేహితుడు సుభానీ ముందు పలక గోడకేసి కొట్టి, "నీ బుర్రలో మట్టి ఉంది" అన్నాను. నువ్వు వంగి పలక ముక్కలు ఏరావు. మళ్లీ పలక అడగలేదు. నేర్పడం చేతకానిది నాకు, ఖుర్షిదా.

అమ్మా కరీమున్, ఇక్కణ్ణుంచి గట్టిగా చదువు. మీ నాన్న, నాయనమ్మ విన్నా సరే, మధ్యలో ఆపకు.

ఇల్లు దొరకలేదని రెండేళ్లుగా రాస్తున్నదంతా అబద్ధం. వచ్చిన నెలకే దొరికింది. రెండు గదులు, వెనక మంచినీళ్ల బావి. చదువురాని భార్య అని మేష్టర్ల దగ్గర సిగ్గుపడి నిన్ను తీసుకురాలేదు. ఇప్పుడు ఆ రెండో గది తలుపు తీయాలంటేనే నాకు దిగులుగా ఉంది. నువ్వు రమ్మంటే వచ్చే ఆదివారమే వచ్చి నిన్ను వెంటబెట్టుకుని వస్తాను. రావద్దంటే ఆ మాటే కరీమున్ చేత రాయించు.

నన్ను మన్నించు. ఈ మాట రెండోసారి చదివించుకోనక్కర్లేదు, నీకు ఒక్కసారి వింటే చాలు. నా భయమూ అదే. పలక పగలగొట్టిన రోజు నేనన్న మాట కూడా నువ్వు ఒక్కసారే విన్నావు.

ఇట్లు,
నీ భర్త,
గౌస్ బాషా