ఓడల ఖాతాలకు కంప్యూటర్

ఏమండీ,

పొద్దుటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మన కొట్టుకు కంప్యూటర్ వచ్చింది. రేవులో ఏ ఓడకు ఎంత బియ్యం, ఎన్ని కూరగాయలు పంపామో చెప్పే ప్రోగ్రాం మన మనవరాలు సుజాతే తయారుచేసింది. అచ్చంగా మీ పద్ధతే: ఓడ పేరున ఖాతా, అది రేవు దాటాకే మూత. దానితో కలిసే లెక్కల ప్రోగ్రాం ఒకటి కొనాలి. అమ్మేవాళ్లు ఇద్దరు వచ్చారు.

మొదటివాడిది చవక. కానీ నెలాఖరుకు ఖాతాలన్నీ మూసెయ్యాలట.

"అప్పటికి ఓడ ఇక్కడే ఉంటే?"

"సగం ఈ నెల్లో, సగం పై నెల్లో ఏసెయ్యండమ్మా."

"ఓడని సగానికి కోసెయ్యమంటావా నాయనా?"

తరువాత మీరు చివరిగా సరుకు పంపిన ఓడ గురించి అడిగాను. అది వెళ్లేసరికి మీరు ఆసుపత్రిలో ఉన్నారు, మళ్లీ ఇంటికి రాలేదు. బాకీ అంతా వచ్చింది. కానీ "బయలుదేరింది, మూసెయ్" అని మీరు చెప్పలేదు కనుక ముగింపు తేదీ నేను వేయలేదు.

"ఖాళీగా వదిలితే మెషిను తీసుకోదమ్మా. ఏదో తేదీ ఏసెయ్యండి" అన్నాడతను.

రెండోవాడు సుజాత ప్రోగ్రాం చూశాడు. "అందులో ఖాళీ ఉంటే ఇందులోనూ ఖాళీగానే వత్తాదమ్మా."

అతనిదే కొన్నాను.

"ఏటి నానమ్మా, ఇంత ఖరీదు దేనికి?" అంది సుజాత.

"నీ ప్రోగ్రాంతో కలుస్తుంది" అన్నాను. అదీ నిజమే.

సాయంత్రం పాత ఖాతాలు ఎక్కిస్తూ సుజాత మీ చివరి ఓడ దగ్గరకు వచ్చింది. ముగింపు తేదీ దగ్గర దాని వేళ్లు ఆగాయి. నా వైపు చూసింది.

"తరువాతది ఎక్కించు" అన్నాను.