పెసరట్టు మీద జర్మనీ ఉల్లాకు

వదినా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. కరోనా వల్ల విమానాలు లేక, ఇంగోల్‌స్టాట్‌లోనే నీ పేరున ఉల్లి లేని వంట చేసి బాల్కనీలో ముద్ద పెట్టాను. సాయంత్రం దాకా కాకి ముట్టలేదు. మనసు చివుక్కుమంది.

కుండీలో నేను పెంచే ష్నిట్‌లౌఖ్ గుర్తుందా? ఉల్లి వాసన వేసే సన్నాకు. వీడియోలో చూసి, "గడ్డి సరే, ఆవునెప్పుడు కొంటావమ్మాయ్?" అన్నావు. మంచుకు చచ్చిందనుకున్నాను, జానెడు లేచింది వదినా! ఇవాళ దణ్ణం పెట్టుకుని, మొదలు దగ్గర రెండు వేళ్ల ఎత్తు వదిలి కత్తెరతో కోశాను. పెసరట్టు మీద చల్లి, మొదటి ముక్క బాల్కనీలో పెట్టానో లేదో, కాకి వాలింది!

"అత్తకి ఉల్లి లేనిదే ముద్ద దిగదు కదమ్మా!" అని మా అమ్మాయి ఒకటే నవ్వు.

కాకి ఆ ముక్క తినేసి ఇంకా అక్కడే కూర్చుంది. ఉండు, రెండో అట్టు వేసుకొస్తాను.