సాగనంపే కాఫీ

అక్కా,

పిల్లలతో మన ఊరు సరాయెవో వచ్చాను. మన వీధి చివర రొట్టెల కొట్టు పోయి అద్దాల హోటల్ లేచింది. మన ఇల్లు మాత్రం చెక్కు చెదరలేదు. యుద్ధంలో తగలబడిపోయింది, చెంచా కూడా మిగల్లేదని చెప్పింది నువ్వే. గోడకి మసి మరక లేదు. రంగులు వేయించారులే అని సర్దుకున్నాను.

మన ఇంటి తలుపు తీసింది పక్కింటి రజియా పిన్ని. మన ఊరి మర్యాద ప్రకారం రాగానే మొదటిది, స్వాగతం కాఫీ ఇచ్చింది. రెండోది, కబుర్ల కాఫీ వస్తుందనుకుంటే అది దాటేసి ఏకంగా మూడోది, ఇక లేవమని చెప్పే కాఫీ పోసేసింది. పిల్లలింకా కోట్లయినా విప్పలేదు.

"అంత తొందరేంటి పిన్నీ?"

"ఈ ఇంటి బేరం మీ అక్కతో ఎప్పుడో మాట్లాడుకున్నాం కదే. నీకు చెప్పలేదా?"

ఆవిడ పోసింది అమ్మ కాఫీ కాచే రాగి గిన్నెలోంచి. విరిగిన పిడికి నాన్న చుట్టిన తీగ అలాగే ఉంది.

ఫోన్లో ఏమీ చెప్పకు. తిరిగొచ్చాక మా ఇంటికి రా. మొదటి కాఫీ పోస్తాను. రెండోది తాగుతూ నిజం చెప్పు. మూడోది ఎంత త్వరగా పోయాలో అప్పుడు చూస్తాను.

నీ చెల్లెలు