మా అక్క ఇల్లు కొండెక్కిన వేళ

గురువారం రాత్రి, నవంబరు 2016

రామతీర్థం కొండ ఎత్తు చూసుకుందామని కొన్న వాచీ, సముద్రం ఒడ్డున అక్కావాళ్ళింట్లో కదలకుండా కూర్చున్నా, ఈ సాయంత్రం నలభై మీటర్లు చూపించింది. గాలి ఒత్తిడి తగ్గితే దానికి ఎత్తు పెరిగినట్టే లెక్క. అంటే గాలివాన వస్తోందన్నమాట. వేటకి వల సర్దుతున్న బావ వింటేనా!

"గడియారానికి గాలి సంగతేటి తెలుస్తాది?"

"అయితే మీ ఇల్లు కొండెక్కింది బావా," అన్నాను ఉక్రోషంగా.

దీపం వెలిగిస్తున్న అక్క ఉలిక్కిపడింది. "దీపాలెట్టే యేల కొండెక్కడమేటిరా!" అని నన్ను తిట్టి, బావకేసి తిరిగింది. "నువ్వియ్యాల ఎల్లకు."

నా లెక్క వినని మనిషి ఆ మాటకి ఆగాడు. తర్వాత గాలివాన ఊపేసింది. ఇప్పుడు నెమ్మదించింది, వాచీలో పది మీటర్లు తగ్గింది. రేపటికి ఇంకా...

అరుగు మీంచి బావ గొంతు.

"ఒరే, ఇల్లెంత దిగినాది?"