గండికోట ప్రయాణం కోసం ప్రార్థన

నవంబరు 9, శనివారం

ఈరోజు మేం గండికోటలో ఉండాల్సింది. తెనాలిలోనే ఉన్నాం. మధ్యాహ్నం పప్పుచారు తిని పడుకున్నాం.

తేదీ మారడం ఇది మూడోసారి. దసరా సెలవుల్లో అనుకుంటే వానలన్నారు. తర్వాత ఆఫీసులో ఇన్‌స్పెక్షన్ అన్నారు. ఇప్పుడు టైర్లలో గాలి లేదట. గాలి కొట్టించాలంటే కారు బయటికి తీయాలి కదండీ అన్నాను. ఈయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, గిద్దలూరు దాటాక ఆ ఘాట్ రోడ్డు ఎలా ఉందో చూడవే రిబ్కా అన్నారు.

ప్లానింగ్‌లో మాత్రం మా ఆయన్ని మించినవాళ్ళు లేరు. తెల్లవారకముందే బయలుదేరాలి. వినుకొండలో టిఫిన్. నల్లమలలో ఏసీ ఆపి, అద్దాలు దించి, నెమ్మదిగా వెళ్ళాలి. కోతులు కనిపిస్తే ఏమీ పెట్టకూడదు. ఎండ తగ్గేసరికి పెన్నా లోయ దగ్గర ఉండాలి, అప్పుడే ఎర్రరాళ్ళకు అసలు రంగు వస్తుందట. ఈయన రేపల్లె కరెంటాఫీసులో గుమాస్తా, కాలవగట్టు కంటే ఎత్తయిన రోడ్డు మీద ఎప్పుడూ బండి నడపలేదు. అయినా వీడియోలు చూసి చూసి ఘాట్‌లో ఏ మలుపు తర్వాత ఏ మలుపు వస్తుందో చెప్పేస్తారు.

కారు మీద కవరు మాత్రం తీయరు.

నవంబరు 12

ఇక్కడైనా నిజం రాసుకోవాలి. అందరికీ చెప్పే మోకాలు నొప్పి ఈయనకు లేదు. అది నేను పుట్టించిన నొప్పి.

పోయినేడాది నిజాంపట్నంలో పెళ్ళికి వెళ్ళి వస్తుంటే, అడవులదీవి మలుపులో బండి మీద ఎదురొచ్చిన మనిషిని మా కారు గుద్దింది. గంగరాజు అని, బోటు మీద పని చేసుకునే అతను. కాలు విరిగింది. బాగై మళ్ళీ వేటకు వెళ్తున్నాడని తర్వాత తెలిసింది. ఆ మలుపులో ఎవరికీ ఎదుటివాళ్ళు కనిపించరు, తప్పు ఎవరిదని చెప్పలేం. ఈయన మాత్రం తనదే అంటారు. ఆ రోజు నుంచి స్టీరింగ్ ముట్టుకోలేదు. గంగరాజు ముఖం చూడటానికీ వెళ్ళలేదు. కారెందుకు తీయడం లేదని అడిగినవాళ్ళందరికీ మోకాలని చెప్పాను.

ఒకరోజు పొద్దున్నే తాళాలు తీసుకుని వెళ్ళి సీట్లో కూర్చున్నారు. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. కాసేపటికి దిగి వచ్చారు. చొక్కా అంతా చెమటకు తడిసిపోయింది.

నాకు కొండలూ వద్దు, లోయలూ వద్దు. ఈ మనిషి వీధి చివరిదాకా కారు తీస్తే చాలు.

నవంబరు 21

ఈ గురువారం మా చర్చి స్త్రీల సమాజం ప్రార్థన ఏంజెల్ అక్క ఇంట్లో జరిగింది. ప్రార్థన మనవులు చెప్పమంటే ఒకరు కూతురి పరీక్షలన్నారు, ఒకరు షుగరన్నారు. నా వంతు వచ్చేసరికి ఏడుపొచ్చేసింది. అడవులదీవి, గంగరాజు, స్టీరింగ్, గండికోట, అంతా చెప్పేశాను. ఏంజెల్ అక్క నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించింది.

ఏడాది తర్వాత మనసు తేలికైంది. వస్తూ మల్లెపూలు కొనుక్కున్నాను.

నవంబరు 24, ఆదివారం

కొంప మునిగింది.

ప్రసంగం అయ్యాక పాస్టర్ గారు సంఘస్తుల్లో ఎవరైనా ప్రార్థన చేయండి అన్నారు. ఏంజెల్ అక్క లేచింది. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు, అయినా మైకిచ్చారు. మా సహోదరుడు వినోద్ కుమార్ గారు స్టీరింగ్ చూస్తేనే వణికిపోతున్నారు తండ్రీ, ఆ భయాన్ని గద్దించు ప్రభువా, గండికోట దాకా నువ్వే డ్రైవరువై నడిపించు దేవా అంది. గుడంతా ఆమెన్ అంది. ఇంత గట్టి ఆమెన్ క్రిస్మస్‌కు కూడా వినలేదు.

నేను ఆడవాళ్ళ వైపు నుంచి ఒక కన్ను తెరిచి చూశాను. మగవాళ్ళ వైపు అందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఈయనొక్కరే తలెత్తి ఎదుటి గోడ వైపు చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

ఏంజెల్ అక్కను ఏమనాలి? మనస్ఫూర్తిగానే చేసింది. నోరు జారింది నేను.

గేటు దగ్గర సుందరయ్య మాస్టారు ఆపి, మోకాలెలా ఉందండి అని అడిగారు. పెద్దాయన, ప్రార్థనలో నిద్రపోయి ఉంటారు. తగ్గిందండి అన్నారు ఈయన. ఇంటికి వచ్చి అన్నం తిని, కంచం తనే కడుక్కున్నారు. తిట్టినా బాగుండేది.

నవంబరు 25

ఫోన్‌లో గండికోట వీడియోలన్నీ తీసేశారు.

డిసెంబరు 1

గుడికి రానన్నారు. ఒక్కదాన్నే వెళ్ళాను. వినోద్ గారెలా ఉన్నారమ్మా అని అందరూ మెల్లగా అడుగుతున్నారు. ఇంట్లో పెద్ద జబ్బు మనిషి ఉన్నట్టు.

సాయంత్రం కాళ్ళావేళ్ళా పడ్డాను. నీ మీద కోపం లేదులే రిబ్కా, నాకు సిగ్గుగా ఉంది అంతే అన్నారు. అది విని మరీ ఏడ్చాను.

డిసెంబరు 8, ఆదివారం

ఈరోజు సంగతి పడుకునేలోపే రాయాలి.

మధ్యాహ్నం తలుపు తీస్తే గంగరాజు! పక్కన అతని భార్య గంగరత్నం, చేతిలో రొయ్యల సంచి. వాళ్ళ వెనక ఏంజెల్ అక్క. సంగతేంటంటే, గంగరత్నం తెనాలి బజారులో చేపలమ్ముతుంది. అక్క ఆమె దగ్గరే కొంటుంది. అడవులదీవిలో గంగరాజని ఎవరైనా ఉన్నారా అని అడిగిందట. మా ఆయనేనమ్మా అందట ఆమె. అక్క ఊరుకుంటుందా?

ఈయన లేచి నిలబడిపోయారు. గంగరాజు కొంచెం కుంటుతూ వచ్చి కూర్చుని, ఏంటన్నా ఇది, కాలిరిగింది నాకు, బండి మానేసింది నువ్వా అన్నాడు. తప్పు నాదేనయ్యా అన్నారు ఈయన. సగం నాది కూడాలే అన్నా, హారన్ కొట్టలేదు నేను అన్నాడు గంగరాజు.

తర్వాత, బస్సులు లేవు, మమ్మల్ని ఇంటికాడ దించన్నా అన్నాడు. పట్టపగలు. బస్సులు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు.

ఈయన వెళ్ళి కవరు తీశారు.

కారు స్టార్ట్ కాలేదు. ఏడాదిగా కదలని కారు, బ్యాటరీ చచ్చిపోయింది. హమ్మయ్య అన్నట్టు దిగబోయారు. గంగరాజు వదల్లేదు. నువ్వు పట్టుకు కూర్చో అన్నా, మేం తోస్తాం అన్నాడు. ఈయన స్టీరింగ్ పట్టుకుని లోపల, ఈ కారు గుద్ది విరిగిన కాలితో అతను వెనక. గంగరత్నం తోసింది, నేను తోశాను, ఏంజెల్ అక్క తోస్తూ స్తోత్రం స్తోత్రం అని అరిచింది. వీధి మలుపు దగ్గర ఇంజను అందుకుంది.

గాలి కొట్టించుకుని చెరుకుపల్లి మీదుగా వెళ్ళాం. సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటుకుని పోయాయి. ముందు సీట్లో గంగరాజు ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు, బోటు గురించి, వల గురించి. అడవులదీవి మలుపులో ఈయన కారు ఆపేసి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చారు. గంగరాజు వీపు నిమిరాడు. ఇక్కడే పడ్డానన్నా, చూశావుగా, లేచాను, ఇక పోనీ అన్నాడు.

వాళ్ళింట్లో అన్నం తిని వెనక్కి బయలుదేరాం. తెనాలి దగ్గరపడ్డాక, ఘాట్‌లో సెకండ్ గేర్‌లోనే వెళ్ళాలట రిబ్కా అన్నారు.

జనవరి 20

గండికోట ఫిబ్రవరి రెండో శనివారానికి ఖాయం. గంగరాజు, గంగరత్నం కూడా వస్తున్నారు. ఈయనే పిలిచారు. ఏంజెల్ అక్క, ఇంకో సీటు ఉంటుందిగా అంది. ప్రార్థన చేసి చెబుతామన్నాను.

ఫిబ్రవరి 8, గండికోట

దారంతా ఈయనే నడిపారు.

లోయ ఇంకా నాలుగు బారల దూరం ఉండగానే గంగరాజు నేల మీద కూర్చుండిపోయాడు. నీళ్ళు అంత కింద ఉండటం ఎప్పుడూ చూళ్ళేదన్నా, నా వల్ల కాదు అన్నాడు. నడిసముద్రంలో నిద్రపోయే మనిషి. ఈయన నవ్వలేదు. లోయకు వీపు పెట్టి అతని పక్కనే కూర్చుని, చెయ్యి పట్టుకున్నారు.

నేనూ గంగరత్నం అంచుదాకా వెళ్ళాం. ఎలా ఉందే అని ఈయన అక్కణ్ణుంచే అరిచి అడిగారు.

చాలా బాగుందండీ, మీరు అక్కడే ఉండండి అన్నాను.